గజ్జెలు వినపడని పాట

“వచ్చినాయి మంజూ! మూడు రకాలూ వచ్చినాయి!”

ఆ మాట చెవిన పడగానే మంజుశ్రీ గంతు వేసినంత పని చేసింది. పెళ్ళయి రెండు నెలలు. ఇంట్లోకి ఇద్దరూ కలిసి కొనబోతున్న మొదటి వస్తువు అది. మంచం, బీరువా, మిక్సీ, అన్నీ పెద్దవాళ్ళు ఎంచినవే. కంప్యూటరుకు స్పీకర్లు మాత్రం మేమే ఎంచుకుంటామని మొగుడూ పెళ్ళాలు పట్టుబట్టారు.

ప్రొద్దుటూరులో వాళ్ళది బట్టల అంగడి. కొత్త చీరల ఫొటోలు సరిచేసి వాట్సాప్‌లో పంపడం భర్త పృథ్వీ పని. ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చుని, పాటలు వింటూ చేస్తాడు. పెళ్ళయిన కొత్తలో మంజుశ్రీ వెళ్ళి ఆ కుర్చీలో సగం ఆక్రమించేది. కుర్చీ హాయిగానే ఉండేది. పాత స్పీకర్లే, రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టు మోగేవి.

“ఈ పాటలో పల్లవి కాంగానే గజ్జెలు ఘల్లుమంటాయి మంజూ. ఒకే ఒక్కసారి. ఇయర్‌ఫోన్లలో విన్నా నేను. ఈ డబ్బాల్లో వినపడవు. మంచివి రానీ, ఇద్దరం విందాం” అనేవాడు పృథ్వీ.

అప్పట్నించీ ఆ గజ్జెల మీద ఆమెకు ఆశ పట్టుకుంది. ఆశతో పాటు ఓ చిన్న భయం కూడా. పెళ్ళిచూపుల్లో అత్తగారు శకుంతలమ్మ “సంగీతం వచ్చా?” అని అడిగితే, “నేర్చుకున్నాను” అని చెప్పింది మంజుశ్రీ. నేర్చుకున్నది హార్మోనియం. మూడు వారాలు. సరిగమలు దాటకముందే టీచరుకు బదిలీ అయింది.

“మా ఆమెకు సంగీతం వచ్చు అక్కా. ఆమె ఏదంటే అదే” అని గొప్పగా చెబుతున్నాడు పృథ్వీ, కంప్యూటర్ సామాన్ల అంగడి నడిపే మైమూన్‌తో.

“అట్లనా? అయితే బాగా విని చెప్పు పాపా” అంది మైమూన్. “ఈ పొద్దు అమావాస్య, మీరు కొనరని తెలుసులే. ఏది కావాల్నో చెప్తే ఎత్తిపెడతా. మిగతా రెండూ సాయంత్రం బండికి బెంగళూరుకు పోవాల.”

మంజుశ్రీ ఆ మూడు వారాల సరిగమలనూ మనసులో ఓసారి తిరగేసుకుంది.

మొదటిది పెట్టారు. “ఇది నల్లది, చిన్న పెట్టెలు రెండు” అన్నాడు పృథ్వీ. పాట మొదలైంది. మంజుశ్రీ కళ్ళు మూసుకుని వింది. పల్లవి అయిపోయింది. గజ్జెలు రాలేదు.

“ఎట్లుంది?”

“ఇంగోటి పెట్టమనండి.”

రెండోది చెక్క పెట్టె. కింద పెట్టుకోవడానికి పెద్ద డబ్బా వేరే. “అబ్బ! బల్లంతా అదురుతాంది మంజూ!” అని పృథ్వీ చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. మంజుశ్రీకి ఏ అదురూ తెలియలేదు, తన గుండెదడ తప్ప.

మూడోది కూడా అయింది. ఎడమ చెవితో వింది. కుడి చెవితో వింది. మళ్ళీ ఎడమ చెవికి వచ్చింది. చెవులు వేడెక్కాయే గానీ, గజ్జెల జాడ లేదు. మూడూ ఒకే గొంతుతో పాడుతున్నాయి.

“మొదటిది మళ్ళీ ఒకసారి...” అంది.

“పాపా, ఇప్పటికే మూడు తూర్లాయ. నా అంగట్లో బల్లులకు గూడా ఈ పాట నోటికొచ్చేసింటాది” అంది మైమూన్.

ఇక లాభం లేదు. మంజుశ్రీ ధైర్యం చేసి, “రెండోది” అంది.

“రెండోదా? దాంట్లో డప్పు ఎక్కువై గజ్జెలు అణిగిపోయినాయి గదా?”

“అయితే... మూడోది.”

“నేనూ అదే అనుకున్యా! ఎట్లుండాయి దాంట్లో గజ్జెలు? చెప్పు చెప్పు!”

ఆ గొంతులో ఎంత సంతోషమో! ఆ సంతోషం మీద ఇంకో అబద్ధం వేయడానికి మంజుశ్రీకి నోరు రాలేదు.

“కోప్పడొద్దండీ” అంది, ఏడుపు ఆపుకుంటూ. “నాకు మూడూ ఒకటే మాదిరి వినపడతాండాయి. గజ్జెలు యాడా లేవు. పెళ్ళిచూపుల్లో చెప్పింది శానావరకు ఉత్తదే. నేను నేర్చుకునింది మూడంటే మూడు వారాలు. నా చెవులే మంచివి కావు.”

అంగడి ముందు ఆటో ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. రెండు నెలలకే మొగుడి దగ్గర పరువు పోయింది. ఇప్పుడేం చేయాలి? ఏం చేయగలదు?

ఉన్నట్టుండి మైమూన్ పకపకా నవ్వింది.

“బాగా కుదిరినారప్పా ఇద్దరూ! తమ్ముడూ, మీ ఆమె చెవులకేం కాలేదు. కొత్త పెండ్లికొడుకువు, నీకే మతి లేదు. నాకూ ఇప్పుడే తట్టింది. నేను పాడిచ్చింది మూడు పెట్టెలు. ఆ పాప విన్యది మాత్రం ఒక్కదాంట్లోనే!”

అర్థం కావడానికి ఇద్దరికీ ఓ క్షణం పట్టింది. ముందు పృథ్వీ నవ్వాడు. ఆ నవ్వు వినగానే మంజుశ్రీకి ఏడుపూ నవ్వూ ఒక్కసారే తన్నుకొచ్చాయి.

“మూడూ ఆడనే ఉంచమనండి, రేపు పాడ్యమైనా సరే, మొదటి బస్సుకే వస్తాండా” అంటూ, ఆషాఢమని నెల రోజులుగా పులివెందుల పుట్టింట్లో ఉండిపోయిన కొత్తకోడలు, కాలిపోతున్న ఫోనును చెవి దగ్గర్నుంచి తీసింది.