పచ్చ పట్టీ

ఇప్పుడు రామగుండంలో మిట్టమధ్యాహ్నం కుక్కలు కూడా బయటికి రావు, సైకిళ్ల మీద సరుకు మోసేవాళ్లే వస్తారు. వాళ్ల క్షేమం కోరి కంపెనీ చేతికొక పట్టీ కట్టింది. వడదెబ్బకు చెమట ఆగితే అది ఎర్రబడి సైకిల్ చక్రం బిగుసుకుంటుంది, ఆ పూట కూలి గాలికి పోతుంది.

వంతెన మీద రాజేశం చక్రం బిగుసుకుంది. మిగిలిన గుక్కెడు నీళ్లూ పట్టీ మీద పోసుకున్నాడు.

"తాగు బావా, సస్తవ్!" అన్నాడు వెనకే వస్తున్న పోశాలు.

"నేను తాగితే బండి కదుల్తదా, బామ్మర్దీ?"

పట్టీ పచ్చబడింది. రాజేశం నవ్వుకుంటూ తొక్కాడు, వంతెన దిగకముందే కూలిపోయాడు.

పోశాలు ఖాళీ సీసా విసిరేసి, బావ తల ఒళ్లో పెట్టుకుని కంపెనీ అంబులెన్సుకు ఫోన్ చేశాడు.

"ఆయన పట్టీ పచ్చగానే ఉందండీ, క్షేమంగా ఉన్నారు," అంది యంత్రం గొంతు. "మీదే ఎర్రబడుతోంది. దయచేసి నీడకు వెళ్లండి."