కవచానికి ప్రయోగం

నిఘంటువు రాసే మా బాబాయి పొద్దున్నే తలకి హెల్మెట్ పెట్టుకుని, పొట్టమీద పెనం కట్టుకుని, చేత్తో మూకుడు మూత పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏమిటండీ ఈ వేషం?" అంది పిన్ని, కూరగాయలు తరుగుతూ.

"ఇవాళ 'కవచం' దగ్గరికొచ్చాను. తొడుక్కుని చూడకుండా అర్థం రాయమంటావా?"

"బాగుంది సంబడం! మొన్న 'కప్పగంతు' అంటూ ఇల్లంతా గెంతారు. నిన్న 'కలహం' అంటూ ఊరికే నామీద పడ్డారు."

"కవచం సంస్కృతం మాటే. ఒంటికి తొడిగే ఇనుమూ కవచమే, దెబ్బ తగలకుండా అడ్డుపడేది ఏదైనా కవచమే. ఇక ప్రయోగానికి ఒక్క వాక్యం కావాలి. నువ్వు చెప్పు."

"నాకేం తోస్తుంది? మీరే ఏదో ఒకటి ఏడవండి."

బాబాయి మూత మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"మీ అమ్మగారిచ్చిన పింగాణీ గిన్నె... మొన్న కప్పగంతులోనే పగిలింది."

పిన్ని కత్తి పక్కన పెట్టింది. మూలనున్న చీపురు తీసుకుని, చప్పుడు చెయ్యకుండా ఆయన వెనక్కి నడిచింది.

"ఇప్పుడు తోచింది, రాసుకోండి," అంది. "కవచం వీపుకి కూడా ఉండాలి."