కొట్టని పిల్ల

"కొట్టవేందే పిల్లా! గట్ల పట్టుకోని నిలవడుడేంది?"

అరిచి అరిచి రాయమల్లు గొంతు బొంగురుపోయింది.

బాక్సింగ్ రింగులో అతని కూతురు అలేఖ్యది నీలం బనీను. భైంసా నుంచి వచ్చిన పిల్లది ఎర్ర బనీను. రెఫరీ ఇద్దరినీ విడదీయడం, ఆ ఎర్ర బనీను పిల్ల మళ్ళీ వచ్చి అలేఖ్యను వాటేసుకోవడం. రెండో రౌండంతా ఇదే వరస.

కరీంనగర్ స్టేడియంలో జనం దెబ్బలు చూద్దామని వచ్చారు మరి. ఈలలు వేశారు, బూతులు తిట్టారు. ఎవరో ఖాళీ నీళ్ళ సీసా కూడా విసిరారు.

రాయమల్లు దుబాయి నుంచి సెలవు మీద వచ్చాడు. ఎల్లుండే తిరుగు ప్రయాణం. నాలుగేళ్ళుగా కూతురి ఆటను ఫోన్లో చూడడమే తప్ప కళ్ళారా చూసింది లేదు. పొద్దున ఇల్లు కదిలేటప్పుడే తెగేసి చెప్పాడు.

"ఆడు బిడ్డా, వద్దంటలేను. గని నా కండ్ల ముందట కిందవడ్డవనుకో, గీ ఆట గియ్యాల్టితోటి బంద్. ఆడ దుబాయిల నాకు నిద్రవట్టది."

అలేఖ్య తలూపింది.

కింద పడే ముచ్చటెక్కడిది? ఆ భైంసా పిల్ల కొడితే కదా!

దుబాయి గదిలో ఉన్నవాళ్ళకు కూతురి ఆట చూపిద్దామని వీడియో కాల్ పెట్టాడు. అదీ తలవంపులే అయింది.

"రాయమల్లన్నా, గిది బాక్సింగా, అలాయ్ బలాయా?" అవతల సంపత్ పగలబడి నవ్వాడు.

రాయమల్లు ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు.

మూడో రౌండూ అంతే. పట్టుకుంటున్నందుకు ఎర్ర బనీనుకు రెఫరీ రెండు హెచ్చరికలిచ్చాడు. హెచ్చరికకో పాయింటు పోయింది. చివరికి రెఫరీ అలేఖ్య చేయి పైకెత్తాడు. చప్పట్లు కొట్టింది పదిమంది కూడా లేరు.

మెడల్ వచ్చింది గానీ రాయమల్లుకు సంబరం రాలేదు. ఇంత దూరం వచ్చి, ఇంతసేపు నిలబడి చూసింది దీనికా అనిపించింది.

బస్టాండులో ఆ పిల్ల మళ్ళీ ఎదురుపడింది. భుజాన సంచీ, వెంట ఎవరూ లేరు. నిర్మల్ బస్సు వైపు నడుస్తోంది.

రాయమల్లు ఊరుకోలేకపోయాడు.

"ఏమ్మా! కొట్లాడ చాతగానోళ్ళు రింగెందుకు ఎక్కాలె? నా బిడ్డ ఆటంత ఖరాబ్ జేస్తివి. నలుగుట్ల నా ఇజ్జత్ వాయె."

ఆ పిల్ల ఆగింది. "మాఫ్ చెయ్యి కాకా," అంది. అలేఖ్య వైపు చూసి, "పైలంగ పో," అని బస్సెక్కింది.

బస్సు కదిలిపోయింది.

"సూడు, జరంత సిగ్గన్న ఉన్నదా!"

అలేఖ్య సిమెంటు బల్ల మీద కూలబడి కళ్ళు మూసుకుంది. సోడా అందించబోయి రాయమల్లు ఉలిక్కిపడ్డాడు. చేయి పెనంలా కాలుతోంది.

"గిట్ల కాలుతున్నదేందే ఒళ్ళు?"

"మూడొద్దుల సంది జరం బాపూ, నీకు చెప్పకుంట దాచిన. డాక్టర్ సూసేముందట గోళీ మింగిన."

"జరం వెట్టుకోని ఎట్ల ఆడినవే?"

"నేనేడ ఆడిన? మొదటి రౌండ్‌లనే కండ్లకు చీకట్లొచ్చినయ్. కాళ్ళు గుంజినయ్. కిందవడుతుంటె ఆమెనే పట్టుకున్నది."

రాయమల్లు సోడా సీసా బల్ల మీద పెట్టేశాడు.

"నువ్వు పడ్డవంటె నేను బంద్ వెట్టిస్తనని ఆమెకెట్ల ఎరుక?"

"పొద్దుగాల బరువులు తూచే కాడ ఇద్దరం ముచ్చట వెట్టినం. నేనే చెప్పిన."

"ఒక్కటి గట్టిగ గుద్దితె ఆమెనే గెలుస్తుండె గదనే?"

"గెలుస్తుండె. ఆమెది కొట్టుడు ఆటనే బాపూ. పోయిన నెల నిర్మల్‌ల నలుగురిని కొట్టి ఫస్ట్ వచ్చింది."

రాయమల్లు లేచి నిలబడ్డాడు. నిర్మల్ బస్సు ఆగిన చోట ఇప్పుడు జగిత్యాల బస్సు ఆగి ఉంది. తాను ఆ పిల్లను అన్న మాటలన్నీ ఒక్కొక్కటే చెవిలో మోగుతుంటే సిగ్గుతో చచ్చిపోయాడు. నాలుగేళ్ళ అలసటంతా అప్పుడే మీద పడ్డట్టయింది.

"పేరేంది ఆ పిల్లది?"

"నవీన."

"మనం ఆమెకేమైతమని బిడ్డా? మన కోసం ఆమె ఓడుడేంది?"

అలేఖ్య కళ్ళు తుడుచుకుంది.

"నిర్మల్‌ల ఆడంగ ఆమె ఒక్కపారి కిందవడ్డదట, వాళ్ళ బాపు సూసిండట... ఆమెకు గిదే ఆఖరు ఆట బాపూ."