పదికి పది

"ఇవాళే వస్తాడట. రోగిలా పడుకుని నీ ఓర్పుకి మార్కులు వేస్తాడట," అంది తోటి నర్సు.

"ఎవరు?"

"చెప్పేస్తే ఇంకేం పరీక్షే? శిక్షణ సార్ పంపే నటుడు. ఫైలు, సెలైను అన్నీ నిజం రోగికున్నట్టే ఉంటాయి. జాగ్రత్తే చిటపటా."

వార్డంతా కలిసి ఆమెకు పెట్టిన పేరది. ముక్కు మీదే ఉంటుంది కోపం. రోగులతో దయగా మెలగడం నేర్పే శిక్షణలో ఇప్పటికే ఒకసారి తప్పింది. ఈసారి తప్పితే ఉద్యోగం ఊడుతుంది.

చివరి మంచం మీద ఎవరో కొత్తాయన. వెంట మనిషి లేడు.

"అమ్మాయ్, కాసేపు కూర్చుంటావా? ఛాతీ మీద ఎవరో కాలు పెట్టి తొక్కుతున్నట్టుంది. భయంగా ఉంది."

ఆమెకు లోలోపల నవ్వొచ్చింది. శిక్షణలో చెప్పిన మాటలే, పొల్లు పోకుండా.

నేర్పినట్టే ఊపిరి నెమ్మదిగా వదిలింది. స్టూలు లాక్కుని కూర్చుంది. ఆయన చెయ్యి పట్టుకుంది. నాడి చూడబోయి మానేసింది. నటుడికి నాడేమిటి?

"భయం వెయ్యదూ మరి? నేనున్నాను కదండీ."

ఆయన కళ్ళు తడిశాయి.

"ఇంత మెత్తగా మాట్లాడేవాళ్ళు ఉంటారన్న సంగతే మర్చిపోయాను తల్లీ."

ఆమె అటూ ఇటూ చూసి, వంగి, గొంతు తగ్గించింది.

"చాలా బాగా చేస్తున్నారు బాబాయిగారూ. ఆ చెమట కూడా అచ్చం నిజంలాగే ఉంది. కాస్త చూసి మార్కులు వెయ్యండి. నా ఉద్యోగం మీ చేతిలోనే ఉంది."

ఆయన అర్థం కానట్టు చూశాడు. కాసేపటికి అర్థమైంది. చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

"ఎన్నింటికి వెయ్యాలి?"

"పదికండీ."

"పదీ వేశాను. వెళ్ళు, నీ పని చూసుకో."

ఆమె తేలిగ్గా లేచి వెళ్ళింది.

భోజనం చేసి వచ్చేసరికి ఆ మంచం ఖాళీ. పక్క మీద ఉతికిన దుప్పటి. పరీక్ష అయిపోయి ఇంటికి వెళ్ళి ఉంటాడనుకుని, శిక్షణ సార్ గదికి నడిచింది.

"సార్, ఆయన నాకు పదికి పది వేశానన్నారు."

"ఎవరమ్మా? మా మనిషికి జ్వరం. రేపొస్తానన్నాడు."

ఆమె వార్డుకి పరుగెత్తింది. పక్క మంచం మీది ముసలాయన ఇటు తిరిగాడు.

"నువ్వు వెళ్ళిన కాసేపటికే ప్రాణం పోయిందమ్మా. నొప్పి ఎక్కువైనప్పుడు నిన్ను పిలవడానికి గంట నొక్కుతానంటే నన్ను ఆపేశాడు, 'వద్దయ్యా, నేను నిజం రోగినని తెలిస్తే ఆ పిల్ల తట్టుకోలేదు' అని."