నడిమి వరుస

"పెద్దమ్మ పడుకుంది. ఏంటో నాతో చెప్పు, నేను చెప్తాలే," అంది ఆమె కోడలు గుమ్మానికి అడ్డంగా నిలబడి.

"నీతో చెప్తే నువ్వు నీ ఆడబిడ్డతో చెప్తావు, ఆవిడ పెద్దమ్మతో చెప్తుంది. ఇక్కడ నేనిచ్చిన కుండ అక్కడికి చేరేసరికి మూకుడవుతుంది. తప్పుకో వదినా, నేనే చెప్పుకుంటా," అంది మూలక్క.

ఆ కుండల షెడ్డులో తొమ్మిది మంది ఆడవాళ్ళు పని చేస్తారు. మూలక్క కుండలు చేసే సారె చివరి మూలలో ఉంటుంది, అందుకే ఆ పేరు. కుండలు కాల్చే ఆవంలో కూడా ఆమెకి దక్కేది అంచు వరుసే. అక్కడ సెగ ఒక పక్కే తగులుతుంది. వరసగా రెండు ఆవాల్లో ఆమె కుండలు బీటలు వారాయి. మూడోసారి కూడా పగిలితే సారె ఇంకొకరికి అప్పగించి వెళ్ళిపోవాలి. అది కట్టుబాటు. ఆ సారె తప్ప ఆమెకి వేరే బతుకు తెలియదు.

మొదట్లో కట్టుబాట్లేవీ లేవు. సెగ సమంగా తగిలే నడిమి వరుసకి చీట్లు వేసుకునేవారు. ఒకసారి మంట చూసి ఒకామె చాలంది, ఇంకొకామె చాలదంది. వాళ్ళిద్దరూ తేల్చుకునేలోపు ఆవమంతా మాడిపోయింది. అప్పుడు అందరూ కలిసి, చూపు చురుకైన పెద్దమ్మ దగ్గరికి వెళ్ళి, "నువ్వు చెప్పు, మేం వింటాం" అన్నారు. మంట దగ్గరుంటే ఆమెకి సారె ముందు కూర్చునే తీరిక ఉండదు కనుక తలా రెండు కుండలు చేసిపెట్టారు. ఎండ తగలకుండా గది కట్టారు. దాని గోడలకి మట్టి తొక్కింది మూలక్కే. గదికి తలుపు వచ్చింది. తలుపు వచ్చాక కాపలా మనిషీ వచ్చింది. ప్రతిదీ ఆ పూటకి సబబుగానే ఉంది.

కోడలు విసుక్కుంటూ పక్కకి జరిగింది. లోపల పెద్దమ్మ పీట మీద కూర్చుని ఉంది, పక్కనే కూతురు. మూలక్క పగిలిన కుండ ముందు పెట్టింది. పెద్దమ్మ వేలి కణుపుతో దాన్ని తట్టి చప్పుడు విన్నది.

"అడుగు నుంచి మెడ దాకా బీట," అంది.

"అంచున పెడితే అంతే కదా పెద్దమ్మా. ఈ ఒక్కసారికి నడిమి చోటు ఇప్పించు."

"నడిమి చోటు మంట చూసేవాళ్ళది. నీకిస్తే రేపు తక్కినవాళ్ళూ వస్తారు."

"మంట ముందు మోకాళ్ళ మీద ఉండేది నేను కాదా? రంగు చెప్పేది నేను కాదా? చూడు, కనుబొమలు కూడా కాలిపోయాయి."

పెద్దమ్మ కూతురి వైపు తిరిగింది. కూతురే అందుకుంది. "రంగు చెప్పడానికి చిలక చాలమ్మా. చివర్లో చూసి ఆపమనేది అమ్మ. ఆ కళ్ళకి పొగ పడితే మనందరి నోట్లో మట్టే."

మూలక్క కుండ తీసుకుని బయటికి వచ్చేసింది.

మర్నాడు పొద్దున్నే ఆవం రాజేశారు. సెగ పోకుండా గోడలోని చూపు కన్నానికి ఇటుక అడ్డం పెడతారు, మంట చూసేటప్పుడు మాత్రం తీస్తారు. మధ్యాహ్నం దాకా మూలక్క ఆ ఇటుక తీస్తూ, పెడుతూ రంగు కేకేసింది. నలుపు. ఎరుపు. మెరిసే ఎరుపు.

ఒక్క తప్పు మాట చెప్తే చాలు, నడిమి వరుసతో సహా అన్నీ పోతాయి. కానీ అవి తొమ్మిది మంది కష్టం. ఆ పాపం ఆమెకి ఒద్దు. అసలు చెప్పకపోతే? చూసే కళ్ళు ఉన్నాయిగా, అవే చూసుకుంటాయి.

"ఇప్పుడేం రంగు?" అని కేకేసింది కూతురు.

మూలక్క పలకలేదు.

"నోరు కుట్టేసుకున్నావా? చెప్పవే!"

మూలక్క చేతులు ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుంది. కట్టెలు వేసే ఆమె చేయి ఆగిపోయింది. తక్కినవాళ్ళు సెగకి దూరంగా నిలబడి ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. చివరికి కూతురు పెద్దమ్మని చేయి పట్టుకుని నడిపించుకొచ్చింది. మూలక్క కొంచెం పక్కకి జరిగి చోటిచ్చింది.

పెద్దమ్మ మోకాళ్ళ మీద కూర్చుని కన్నం వైపు మొహం వంచింది. చాలాసేపు కదల్లేదు.

"చూశాను," అంది పెద్దమ్మ గంభీరంగా. "మంట నారింజ రంగు తిరిగింది. ఇక చాలు, ఆపండి."

మూలక్క ఇటుక ఇంకా తియ్యనే లేదు.