తోక మిగిల్చిన ఉపవాసం

ఉపవాసం పెడితే మగ ఎలుకల కాలేయంలో జన్యువుల మీది రసాయన గుర్తులు మారాయి, ఆడవాటిలో మారలేదు. “ఆడజాతికి ఓర్పెక్కువ. పరిశోధన పేపర్లో అదే రాయమ్మా,” అన్నారు ప్రొఫెసర్ వీబె.

ఆడ ఎలుకల బోను శుభ్రం చేస్తుంటే ఆయన పరిశోధక విద్యార్థిని ఫెన్నాకు రంపపుపొట్టులో తోక దొరికింది. తోక ఒక్కటే. చచ్చిన తోటిదాన్ని మిగతావి తినేశాయి. ఆమె ఆ తోకతోనే ప్రొఫెసర్ దగ్గరికి పరుగెత్తింది.

“ఇవి ఉపవాసమే లేవు సర్! నా థీసిస్ మళ్ళీ మొదటికొచ్చింది.”

“ఛీ, ఆ తోక అవతల పారెయ్. ఎవరు చూశారు?”

మధ్యాహ్నం నెదర్లాండ్స్‌లోని మా గ్రోనింగెన్ సంతలో ఆయన మా అందరిలాగే ఉప్పులో ఊరిన పచ్చి హెరింగ్ చేపను తోక పట్టుకుని నోట్లోకి వేలాడదీశారు. (ఉల్లిముక్కలు లేకుండా తినేవాణ్ణి నేను నమ్మను, అది వేరే సంగతి.) మూతి తుడుచుకుని, తోకను చెత్తబుట్టలో పడేశారు.

పక్కనే ఉన్న ఫెన్నా ముఖం తిప్పుకుంది.

“పేపర్లో నా పేరొద్దు సర్. తోక పారేశారుగా, ఇక మీరూ ఉపవాసమున్నట్టే!”