రెండు చుక్కలు

“పాపకి రోజూ రెండు చుక్కలు చప్పరింపించండి” అని ఉయ్యాల చెప్పింది. అన్నీ మారినా మోత మారని మిక్సీ పక్కనున్న నాయనమ్మ భ్రమరాంబకి అది “చూపించండి” అని వినపడింది.

ఇప్పుడు ఏ ఇంట్లోనైనా వంశం నుంచి వచ్చిన జబ్బుల్ని ఉయ్యాలే చెబుతుంది. వీళ్ల తాతల ఆస్తి కరిగిపోయినా లోపం మాత్రం చెక్కుచెదరకుండా పాపకి చేరింది. ఒంటిమీద ఎండ పడుతుంది గానీ ఒంటికి పట్టదు. విటమిన్ డి డీలా. ఇలాగే వదిలేస్తే ఎముకలు వంగిపోతాయి.

సూర్యుడి వల్ల కానిది చుక్కల వల్ల అవుతుందేమోననుకుంది భ్రమరాంబ. కాలు నిలవక, పొద్దుండగానే పాపతో డాబా ఎక్కి, ఆ చివరినుంచి ఈ చివరికి తిరిగింది. డాబా మీద ఎండలో కూర్చునే వంతు కోసం వరసలో ఉన్నవాళ్లూ ఆమెతోపాటు తలలెత్తి చుక్కల కోసం వెతికారు. ఒకటి మెరిసింది. తీరా చూస్తే అది ఇడ్లీలు మోసుకెళ్తున్న డ్రోను.

కోడలు వైదేహి రొప్పుతూ వచ్చింది. “పాపని ఇక్కడికెందుకు తెచ్చారత్తయ్యా? మందు వేళ దాటిపోతోంది.”

“ఉండవే, ఒక్క చుక్కన్నా కనపడనీ. దీని కాళ్లు వంగిపోతే ఎవరిది పాపం?”

వైదేహి చేతిలోని సీసా అందరికీ చూపించింది. “ఉయ్యాల చూపించమనలేదు, చప్పరింపించమంది. చుక్కలు ఇందులో ఉన్నాయి.”

రెండు చుక్కలూ నోట్లో పడగానే పాప లొట్టలేసింది. డాబా అంతా నవ్వింది.

భ్రమరాంబ అక్కడే కూలబడింది. “దాని చుక్కలు సీసాలోనే ఉన్నాయి. పట్టపగలు చుక్కలు కనపడింది నాకేనమ్మా.”